రూబీ కన్ను, రాజుగారి మీసం

రత్నమాణిక్యం నోరు విప్పితే ముఖంలోకి చూస్తూ వినే ప్రాణి ఆ ఇంట్లో ఒక్కటే ఉంది. దాని పేరు రూబీ. మిగతావాళ్ళకు చెవులు లేక కాదు. భర్త శివరామరాజు గారి చెవి ఫోనుకు అతుక్కుని ఉంటుంది, అవతలి పక్క రొయ్యల చెరువు గుమస్తా ఉంటాడు. అత్తగారు అప్పాయమ్మకు ఎనభై దాటినా వినికిడి బాగానే ఉంది గాని, కోడలి గొంతు దగ్గరికి వచ్చేసరికి కాస్త మందగిస్తుంది. రూబీ అలా కాదు. పొట్టి కాళ్ళ మీద పొడుగాటి ఒళ్ళు మోసుకుంటూ వంటింటి గుమ్మంలోకి వచ్చి కూర్చుని, ఆడపడుచుల మీద రత్నమాణిక్యం చెప్పే చాడీలన్నీ ఓపిగ్గా వినేది. ఏళ్ళ తరబడి విన్నది. ఒక్కటీ బయటికి పొక్కనివ్వలేదు.

ఆ డాషండ్ కుక్క ఎడమ కన్ను నీలంగా మారుతున్నట్టు మొదట కనిపెట్టింది కూడా రత్నమాణిక్యమే. వేడి గిన్నె మూత తీసినప్పుడు కళ్ళజోడుకు ఆవిరి పడుతుందే, అలా ఉంది కన్ను. రాజుగారికి చెబితే వేడి చేసిందన్నారు, మజ్జిగ పట్టించమన్నారు. అత్తగారికి చెబితే దిష్టి అన్నారు, ఉప్పూ మిరపకాయలూ తిప్పించారు. మజ్జిగా తాగి, దిష్టీ తీయించుకుని, రూబీ ఒకనాటి ఉదయం కన్ను తెరవడం మానేసింది. నీళ్ళు ధారగా కారుతున్నాయి. వెలుతురు పడకుండా ముఖం గోడకు ఆనించి నిలబడింది.

భీమవరంలో కుక్కలకూ పిల్లులకూ వైద్యం చేసే డాక్టర్ సుప్రియ ఉంది. ఆవిడ రూబీ కంట్లో రంగు అద్దిన కాగితం ముక్క ఒకటి తాకించి, మంచినీళ్ళతో కడిగేసి, నీలిరంగు దీపం వేసి చూపించింది. కంటి మధ్యలో పచ్చటి మచ్చ ఒకటి మెరిసింది.

"కంటి ముందు అద్దంలాంటి పొర ఉంటుందండి రాజుగారూ," అంది డాక్టరు. "దాని వెనకాల ఉండే కణాలు అస్తమానం నీళ్ళు బయటికి తోడేస్తూ ఉంటాయి. వయసు మీదపడి రూబీకి ఆ కణాలు చచ్చిపోతున్నాయండి. తోడే దిక్కు లేక నీళ్ళు పొరలోనే నిలబడిపోయి, అది ఉబ్బి ఇలా నీలంగా కనబడుతుంది."

"అంటే మోటార్లు కాలిపోయాయన్నమాట," అన్నారు రాజుగారు.

"ఆయ్, అంతేనండి. కాకపోతే కొత్త మోటార్లు బిగించలేం. ఉబ్బిన పొర మీద నీటి పొక్కులు లేస్తాయి. అవి చిట్లితే పుండవుతుంది. ఆ పచ్చగా కనబడిందే, అదే పుండు. ముందు చుక్కల మందుతో అది మానాలి. మానాక, ఉబ్బు తగ్గడానికి ఉప్పు కలిసిన ఆయింట్‌మెంట్ ఇస్తాను. ఉప్పు నీటిని లాగుతుంది కదండీ. అది మటుకు జీవితాంతం వెయ్యాల్సిందే."

ఉప్పు మాట వినగానే రాజుగారు కుర్చీలో ముందుకు జరిగారు. రోజూ చెరువు నీళ్ళలో ఉప్పు కొలిచే మనిషి. "ఎంత శాతమండీ?"

"ఐదు."

"యాభై పీపీటీ, అంటే వెయ్యికి యాభై పాళ్ళు. సముద్రం కన్నా ఎక్కువే," అన్నారాయన, తన సబ్జెక్టులోంచి ప్రశ్న వచ్చిన కుర్రాడంత సంబరంగా.

ఆయన కళ్ళలో మెరుపు చూసి డాక్టరుకు అనుమానం వచ్చింది. "మీరు ఇంట్లో కలపకండి రాజుగారూ," అని ముందే చెప్పేసి, బీరువాలోంచి తెల్లటి ప్లాస్టిక్ గరాటులాంటిది తీసి రూబీ మెడకు బిగించింది. "పుండు మానేదాకా ఇది తియ్యకూడదండి. కాలితో గీరుకున్నా, సోఫాకు రుద్దుకున్నా పుండు లోతుకు పోతుంది. చిల్లు పడిందా, ఇక కన్ను తీసెయ్యడమే. రెండో కంట్లో కూడా నీలం మొదలైంది, చూశారా అమ్మగారూ?"

రత్నమాణిక్యం చూసింది. చూసి, దారిపొడుగునా రూబీని ఒళ్ళో పెట్టుకుని ఆ రెండో కన్నే చూస్తూ కూర్చుంది. రాజుగారు మాత్రం కారు నడుపుతూనే ముగ్గురికి ఫోన్ చేసి మోటార్లు కాలిపోయిన సంగతి వివరంగా చెప్పారు.

ఇక ఆ ఇంటి సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఆ చుట్టుపక్కల రాజుల ఇళ్ళల్లో మర్యాద అనేది ఒక జబ్బు. దానికి మందు లేదు. చంటిపిల్లలనూ మీరనే అంటారు, పాలవాణ్ణీ అండీ అనే పిలుస్తారు. ఇంటికి వచ్చినవాడు తిననంటే అలుగుతారు, తింటే ఇంకా తినమంటారు. ఆ ఇంట్లో రూబీ కూడా రూబీగారే. రాజుగారు దాన్ని ఏనాడూ నువ్వు అన్న పాపాన పోలేదు. అలాంటి కొంపలో మెడకు గరాటు తగిలించిన కుక్క గడపలకు కొట్టుకుంటూ, నీళ్ళ గిన్నెలో గరాటు ముంచుకుంటూ తిరుగుతుంటే చూసేవాళ్ళ ప్రాణం ఊరుకుంటుందా?

"నోరులేని జీవానికి ఇదేం శిక్షండీ," అనేది వచ్చిన ప్రతి చుట్టమూ. అంటూనే పట్టీ విప్పేది. విప్పి, తన విస్తట్లోని కొరమీను ముక్క ముల్లు తీసి రూబీ నోటికి అందించేది. రూబీ ముక్క మింగి, మూతి నాకి, తిన్నగా వెళ్ళి కొత్త సోఫా అంచుకు కన్ను హాయిగా రుద్దుకునేది. నాలుగు పూటలు గడిచేసరికి అది ఇంకా తెలివిమీరింది. ఎవరైనా కొత్తవాళ్ళు వచ్చి కూర్చుంటే చాలు, మెల్లగా వెళ్ళి గరాటు వాళ్ళ మోకాలికి తగిలించి, తల వాల్చి నిలబడేది. రాతి గుండెలు కూడా పట్టీ విప్పేసేవి.

అప్పాయమ్మ వాదం వేరు. అన్నం తినేటప్పుడు మెడలో బక్కెట్టు ఉంటే అన్నపూర్ణకు అవమానమట. రాజుగారి బాధ ఇంకోటి. రొయ్యల కొనుగోలుదార్లు వచ్చినప్పుడు ఇంటి కుక్క గరాటుతో ఎదురురావడం ఆయనకు తలవంపులు. వాళ్ళు ఉన్నంతసేపూ తీసేసి, వెళ్ళాక పెట్టేవారు. అది కూడా గుర్తుంటేనే.

రెండోసారి భీమవరం వెళ్ళినప్పుడు పచ్చమచ్చ పెద్దదయింది. గరాటు ఎవరు తీస్తున్నారని డాక్టరు అడిగింది. రాజుగారు గోడమీది పురుగుల మందు ప్రకటన చాలా శ్రద్ధగా చదివారు.

"ఇంకో వారం చూస్తానండి," అంది డాక్టరు. "అప్పటికీ తగ్గకపోతే కంటి తెల్లపొర కొంత లాగి పుండు మీద కప్పి కుట్టాలి. కన్ను మిగులుతుంది గాని చూపు చాలావరకు పోతుంది. ఈలోపు చిల్లు పడితే ఆ ఆశా లేదు."

రత్నమాణిక్యం ఇంటికొచ్చి తన ప్రయత్నం తాను చేసింది. పట్టీకి లంగా బొందుతో ముళ్ళు మీద ముళ్ళు వేసింది. అత్తగారు పూజగదిలోంచి కత్తెర తెచ్చారు. గరాటు మీద పెద్ద అక్షరాలతో తియ్యవద్దు అని రాసి అంటించింది. వచ్చినవాళ్ళు దాన్ని పైకి చదువుతూనే పట్టీ విప్పారు. బతిమాలింది, కసిరింది, ఒక పూట అన్నం మానేసింది. అన్నం మానేసినందుకు మాత్రం ఇంటిల్లిపాదీ చాలా కంగారుపడి, ఆవిడ తినేదాకా వదిలిపెట్టలేదు. ఆ కంగారులో రూబీకి గరాటు తీసి వాళ్ళే అన్నం కూడా పెట్టేశారు.

ఆ మర్నాడు పొద్దున్న పాలకొల్లు నుంచి అప్పాయమ్మ తమ్ముడి కుటుంబం దిగింది. రత్నమాణిక్యం కాఫీల పళ్ళెంతో హాల్లోకి వచ్చేసరికి రూబీ అప్పటికే తల వాల్చుకుని నిలబడి ఉంది, అత్తగారి చెయ్యి పట్టీ మీద ఉంది. ఆ క్షణంలో రత్నమాణిక్యం నోట్లోంచి వచ్చిన మాట ఆవిడ ముందుగా అనుకున్నది కాదు.

"ముట్టుకోకండి అత్తయ్యగారూ. పెద్దాపురం మరిడమ్మ తల్లికి మొక్కుకున్నానండి. కన్ను నయమయ్యేదాకా అది మెడలోంచి తియ్యనని."

పొయ్యి మీది అట్లకాడ ముట్టుకున్నట్టు అప్పాయమ్మ చెయ్యి వెనక్కి వచ్చేసింది. రత్నమాణిక్యం పుట్టిల్లు పెద్దాపురానికి కూతవేటు దూరం. చిన్నప్పటి నుంచీ ఆషాఢంలో ఆ జాతరకు వెళ్ళిన మనిషి. అనుమానించడానికి ఎవరికీ సందు లేదు. అప్పాయమ్మ చెంపలు వేసుకుంది. తమ్ముడూ, తమ్ముడి భార్యా కూడా వేసుకున్నారు.

"ముందే చెప్పొద్దుటమ్మా," అంది అత్తగారు, చాలా కాలం తర్వాత కోడలి గొంతు మొదటిసారికే వినబడినట్టుగా. "ఇంతకీ ఏం ఇస్తానని మొక్కుకున్నావు?"

రత్నమాణిక్యం ఇంత దూరం ఆలోచించలేదు. మొక్కుకు చెల్లింపు లేకపోతే అది మొక్కే కాదు. కొబ్బరికాయంటే ఎవరూ భయపడరు. చీరంటే అత్తగారు పట్టుకెళ్ళి ఆ సాయంత్రమే చెల్లించేసి రమ్మంటారు. తన జుట్టంటే, ఆ జుట్టు మీద తనకున్న మమకారం తనకు తెలుసు. సరిగ్గా అప్పుడే వరండాలో రాజుగారు ఫోన్లో గుమస్తాను తిడుతూ ఖాళీగా ఉన్న చేత్తో మీసం దువ్వుకుంటున్నారు.

"మీ అబ్బాయిగారి మీసమండి," అంది రత్నమాణిక్యం.

హాల్లో కాఫీ గుటకల చప్పుడు ఆగిపోయింది. అది మామూలు మీసం కాదు. రెండు కొసలూ చెక్కిళ్ళ మీదికి ఎక్కి, రోజూ నూనె తాగి, పెళ్ళిళ్ళ ఫోటోల్లో పెళ్ళికొడుకు కన్నా ముందు కనబడే మీసం. తండ్రిగారు పోయినప్పుడు ఒక్కసారి తీశారు. అది రూబీ ఈ ఇంటికి రాకముందు మాట. మళ్ళీ మొలిచేదాకా ఆయన గుమ్మం దాటలేదు.

రాజుగారు ఫోన్ కిందికి దించారు. ఆయనకు కోపం వస్తే భార్యను కూడా మీరంటారు.

"నా మీసం మొక్కడానికి మీరెవరండీ?"

"మీ భార్యనండి."

"ఊరుకో శివా," అంది తల్లి. "అమ్మవారికి ఇస్తానన్నాక ఇంక అది నీది కాదు. చెల్లించేదాకా జాగ్రత్తగా ఉంచు."

ఊరంతా ఆ కబురు పాకడానికి సాయంత్రం అక్కర్లేకపోయింది. రొయ్యల మేత కొట్టు దగ్గర మనుషులు రాజుగారి ముఖం వైపు చూడటం మానేసి మూతి వైపు చూడటం మొదలుపెట్టారు. ఎప్పుడండీ అని మర్యాదగా అడిగేవారు. అమ్మవారి సొత్తు కావడంతో ఆయనకు దాన్ని దువ్వుకోవడానికి కూడా చెయ్యి రాలేదు. గరాటు మీదికి ఎవరివో పసుపు బొట్లూ కుంకుమ బొట్లూ వచ్చి చేరాయి. రూబీ మాత్రం పాత పద్ధతిలోనే వెళ్ళి మోకాళ్ళకు గరాటు తగిలించి, తల వాల్చి నిలబడింది. వచ్చినవాళ్ళు రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టారు. కొరమీను ముక్క కోసం వెళ్ళి నమస్కారం తెచ్చుకున్న కుక్క ముఖం ఎలా ఉంటుందో రత్నమాణిక్యం ఆ రోజు చూసింది. చూసి వంటింట్లోకి వెళ్ళి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

అబద్ధం ఆడినందుకు లోపల ఎక్కడో గుచ్చుకోకపోలేదు. పూజగదిలో పుట్టింటివాళ్ళు ఇచ్చిన మరిడమ్మ పటం ఉంది. దీపం పెట్టేటప్పుడు ఆ పటం వైపు కాకుండా పక్కనున్న వెంకటేశ్వరస్వామి వైపు చూసేది.

కాని కన్ను తగ్గలేదు. గరాటు మెడలోంచి కదలడం లేదు, డాక్టరు ఇచ్చిన చుక్కలు వేళకు పడుతున్నాయి, అయినా పుండు అంచులు మెత్తబడి జిగురుగా తయారయ్యాయి. రత్నమాణిక్యానికి భయం పట్టుకుంది. భయం వెనకాలే అనుమానం కూడా వచ్చింది. కన్ను మానితే మీసం పోతుంది. మానకపోతే నిలుస్తుంది. పెద్దమనిషి, మీసం కోసం కుక్క కన్ను పోగొట్టుకుంటారా అని ఆవిడ తనను తానే అడిగింది. ఆ మీసానికి జరిగే సేవలు రోజూ చూస్తున్న మనిషి కావడంతో, పోగొట్టుకోరు అని వెంటనే చెప్పలేకపోయింది.

ఒక మధ్యాహ్నం బ్యాంకులో పనుందని చెప్పి గేటు దాటింది. సందు చివరిదాకా వెళ్ళి, పక్కింటి వాళ్ళ గోడ పక్కనుంచి తిరిగి పెరట్లోకి వచ్చి, బట్టలారేసిన దండెం వెనకాల నిలబడింది. యాభై ఐదేళ్ళ వయసులో తన ఇంట్లోనే దొంగలా నక్కి ఉండటం ఆవిడకు నామోషీగానే ఉంది గాని, కొంచెం సరదాగా కూడా ఉంది. ఎక్కువసేపు ఆగాల్సిన పని పడలేదు. రాజుగారు రూబీని ఎత్తుకుని పెరటి వసారాలోకి వచ్చారు. అటూ ఇటూ చూశారు. మెట్టు మీద కూర్చుని, బొటనవేలితో దాని కంటి రెప్ప పైకెత్తి, జేబులోంచి ఒక చిన్న సీసా తీశారు.

అది డాక్టర్ సుప్రియ ఇచ్చిన సీసా కాదు.

తడి దుప్పటి పక్కకు లాగి రత్నమాణిక్యం ఒక్క ఉదుటున వెళ్ళి ఆ సీసా లాక్కుంది. రాజుగారు ఉలిక్కిపడి, రూబీ కిందపడకుండా రెండు చేతులా పొదివి పట్టుకున్నారు.

"ఏం పోస్తున్నారండీ దాని కంట్లో?"

"నా మందే. మొన్న వేసంగిలో నాకు శుక్లాల ఆపరేషన్ అయినప్పుడు ఇచ్చారు చూడు. రెండు రోజుల్లో ఎరుపు పోయింది. మంచి మందు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మొదట్నుంచీ. డాక్టరుగారి చుక్కలు పడ్డాక, పైన ఇదొక్క చుక్క. తొందరగా తగ్గుతుందని. నీకు చెబితే అడ్డుపడతావు."

రత్నమాణిక్యం ఆయన ముఖంలోకి చూసింది. "తగ్గితే మీసం పోతుంది కదండీ. తెలిసే వేస్తున్నారా?"

"మీసం మళ్ళీ మొలుస్తుంది," అన్నారాయన విసుగ్గా. ఇంత చిన్న విషయం కూడా తెలియదా అన్నట్టు ఉంది ఆ గొంతు.

 అనుమానపడినందుకు ఆవిడకు సిగ్గేసింది, అంతలోనే సీసా మీది చిన్న అక్షరాలు చూసి భయమేసింది. అక్కడే మెట్టు మీద కూర్చుని డాక్టరుకు ఫోన్ చేసి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని పేరు చదివింది. 

"అది స్టెరాయిడ్ అమ్మగారూ. ఆపరేషన్ అయిన కంటికి మేలు చేస్తుంది. పుండున్న కంటికి మటుకు విషమే. పుండును మాననివ్వదు, కంటి పొరను కరగనిస్తుంది. ఇప్పుడే బయల్దేరి తీసుకురండి."

ఫోన్ స్పీకర్లో ఉంది. రాజుగారు విన్నారు. మోటార్ల గురించి ఊరంతటికీ చెప్పిన మనిషి భీమవరం దాకా నోరు మెదపలేదు. దారిలో గుమస్తా ఫోన్ చేస్తే ఎత్తలేదు. అలా ఎత్తకపోవడం ఆ ఫోను పుట్టాక అదే మొదటిసారి.

డాక్టరు దీపం వేసి చాలాసేపు చూసింది. చిల్లు ఇంకా పడలేదంది, కాని గోరంత మందమే మిగిలిందంది. రూబీ ముందుకాలి నుంచి రక్తం తీసి, యంత్రంలో వేసి గిరగిరా తిప్పి, పైన తేలిన తేనెరంగు నీటిని చిన్న సీసాలోకి ఎత్తింది. "దాని రక్తంలోని సీరమే దాని కంటికి మందండి. పొర కరగకుండా ఆపుతుంది. గంట గంటకూ వెయ్యాలి. ఫ్రిజ్‌లో పెట్టండి. ఇక మీ మందులు ఏవీ దాని దగ్గరికి రానివ్వకండి రాజుగారూ."

"రానివ్వనండి," అన్నారాయన, తలెత్తకుండా.

రక్తంలోంచి తీసిన మందు తన మీగడ గిన్నె పక్కన కాపురం పెట్టిందని తెలిసి అప్పాయమ్మ గగ్గోలు పెట్టింది. మీగడ గిన్నె పక్కింటి ఫ్రిజ్‌కు వలస పోయింది. గంట గంటకూ చుక్కలు వేసే పని రాజుగారు ఇంకొకరికి ఇవ్వలేదు. ఫోన్లో గంట మోగేది, ఎవరితో మాట్లాడుతున్నా సగంలో ఆపి లేచేవారు. చెరువు బాధ్యత గుమస్తాకు వదిలేశారు. ఆశ్చర్యం ఏమిటంటే, ఎవరూ తిట్టకపోయినా రొయ్యలు యథాప్రకారం పెరిగాయి. చుక్క వేసిన ప్రతిసారీ ఆయన గరాటులోకి తల దూర్చి, "క్షమించండి రూబీగారూ," అనేవారు. ఆ మాట వంటింట్లోకి వినబడేది. విన్నప్పుడల్లా రత్నమాణిక్యం గరిటె వదిలేసి గుమ్మం దాకా వచ్చి చూసేది. ఆయన మీద ఇంత ప్రేమ తనకు ఉందని ఆవిడ మర్చిపోయి చాలా కాలమైంది.

తర్వాత భీమవరం వెళ్ళినప్పుడు మచ్చ చిన్నదయింది. ఆ తర్వాత ఇంకా చిన్నదయింది. చివరికి ఒకరోజు డాక్టరు రంగు వేసి, కడిగి, దీపం పట్టి, కన్నంతా వెతికింది. పచ్చదనం ఎక్కడా లేదు.

"పుండు మానిందండి," అంది. "నీలం పోదు. ఉప్పు ఆయింట్‌మెంట్ రోజూ వేస్తుంటే ఉబ్బు అదుపులో ఉంటుంది. మళ్ళీ పొక్కులు లేవచ్చు. కన్ను మూసుకున్నా, నీరు కారినా ఆలస్యం చెయ్యకండి."

"మమ్మల్ని చూస్తుందాండీ?" అని అడిగారు రాజుగారు.

"మబ్బుమబ్బుగా కనబడాలండి. ఎంత కనబడుతుందో అది నోరు తెరిచి చెప్పదు కదా. వాసనపట్టీ, గొంతుపట్టీ గుర్తుపడుతుంది. కళ్ళతో గుర్తుపడుతుందో లేదో మీరే కనిపెట్టాలి."

గరాటు తీసేశారు. తిరిగి వచ్చేటప్పుడు రత్నమాణిక్యం ఇక దాచలేకపోయింది. "ఏమండీ, ఆ మొక్కు అబద్ధమండి. నేను ఏమీ మొక్కలేదు. గరాటు తియ్యకుండా ఉంటారని అలా అన్నాను."

"తెలుసు."

"ఎలాగండీ?"

"మొక్కు మాటెత్తితే నువ్వు కళ్ళు మూసుకుంటావు. ఆ రోజు నా మూతి వైపు చూసి చెప్పావు."

"మరి ఎందుకు ఊరుకున్నారు?"

"గరాటు తియ్యడం అందరూ మానేశారుగా."

 "అత్తయ్యగారికి నేనే చెప్పేస్తానండి. తిడితే నన్నే తిడతారు. మీ మీసం మీకు ఉంటుంది." 

అత్తగారికి నిజం చెప్పే ధైర్యం కూడదీసుకోవడానికి రత్నమాణిక్యానికి ఆ రాత్రి చాలలేదు. పొద్దున్న లేచేసరికి కారు లేదు, ఆయన లేరు. చెరువు దగ్గరా లేరు. ఫోన్ చేస్తే రావులపాలెం అరటిపళ్ళ లారీల మధ్య ఇరుక్కున్నానని, తర్వాత మాట్లాడతానని పెట్టేశారు. రావులపాలెంలో ఈయనకేం పని అనుకుంటూ ఆవిడ ఇంటిపనుల్లో పడింది.

పొద్దు వాలే వేళకు వరండాలో కూర్చుని రూబీ కంట్లో ఉప్పు మందు పెడుతుంటే, వీధిలో కారు ఆగింది. గాలి ఇంటి మీదుగా వీధిలోకి వీస్తోంది, వీధిలోని వాసన ఇటు రాదు. గేటు తీసుకుని ఎవరో మనిషి లోపలికి వచ్చాడు. ముక్కుకూ పెదవికీ మధ్య పలకంత తెల్లటి చోటు. ఎవరబ్బా అని రత్నమాణిక్యం కూడా ఒక్క క్షణం తెల్లబోయింది.

రూబీ తలెత్తింది. కదలకుండా గేటు వైపు చూసింది. వీపు మీది వెంట్రుకలు లేచాయి. ఆవిడ చేతుల్లోంచి జారి, వరండా మెట్ల అంచుకు వచ్చి, పొట్టి కాళ్ళు నాలుగూ నేలకు తన్ని మొరగడం మొదలుపెట్టింది. కరెంటు మీటరు చూసేవాడు వస్తే మొరిగే మొరుగు అది. ముక్కూ ముఖం తెలియని పరాయివాడి కోసం దాచిపెట్టుకున్న మొరుగు.

రాజుగారు ఆగిపోయారు. రత్నమాణిక్యం ఏదో అనబోతే వద్దని వేలు అడ్డంగా ఊపారు. చప్పుడు చెయ్యకుండా సపోటా చెట్టు వైపు నాలుగు అడుగులు వేశారు. రూబీ తల అటు తిరిగింది. మళ్ళీ ఇటు వచ్చారు. తల ఇటు తిరిగింది. మొరుగు హెచ్చింది.

ఆవిడ మెట్లు దిగి పరుగులాంటి నడకతో ఆయన దగ్గరికి వెళ్ళింది. దగ్గరగా చూస్తే ఆ కొత్త ముఖం మీద నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోవడం లేదు.

"అబద్ధమని చెప్పాను కదండీ," అంది, గొంతు తగ్గించి.

"నీది అబద్ధం. ఆ సీసా నువ్వు లాక్కున్న రోజు, భీమవరం వెళ్ళే దారిలో నేను మొక్కాను. నాది నిజం. పెద్దాపురం వెళ్ళి చెల్లించుకొచ్చాను," అన్నారాయన అంతకన్నా మెల్లగా, కళ్ళు రూబీ మీదినుంచి తిప్పకుండా. "నేనేనని ఆవిడకు ఇప్పుడే చెప్పకు మాణిక్యం. కాసేపు మొరగనీ."